మామగారి శాంతికీ, అమ్మాయి నాట్యానికీ ఒకే చిన్న కెమెరా సరిపోతుందా, క్యామ్‌కార్డర్ వేరుగా కొనాలా?

కోనసీమ_కోడలు
వచ్చే మాఘంలో మా మామగారికి అమలాపురం దగ్గర ఉన్న మా ఊళ్లో సహస్ర చంద్ర దర్శన శాంతి జరిపిస్తున్నాము. ఆ తర్వాత కొద్ది రోజులకే హైదరాబాదులో మా అమ్మాయి బడి వార్షికోత్సవం ఉంది. అందులో తను కూచిపూడి చేస్తోంది. ఈ రెండింటికీ, ఆ తర్వాత పుట్టినరోజులకూ ప్రయాణాలకూ కూడా పనికొచ్చే చిన్న డిజిటల్ కెమెరా ఒకటి 70 వేల లోపు కొనాలని అనుకుంటున్నాము. ఒక దుకాణంలో ఎక్కువ జూమ్ ఉన్నదే తీసుకోమన్నారు. ఇంకొక చోట ఈ రోజుల్లో చిన్న కెమెరాలు ఎవరు కొంటున్నారంటూ లెన్సులు మార్చే పెద్ద కెమెరాల వైపు తీసుకెళ్లారు. మూడో చోట క్యామ్‌కార్డర్ (వీడియోల కోసమే చేసిన కెమెరా) అని అడిగితే, నేను గ్రామఫోను అడిగినట్టు చూశారు.

ఫోను ఉంది కదా అని మా ఆయన అంటారు. పోయిన సంక్రాంతికి గొబ్బెమ్మల దగ్గర మా అత్తగారు పాడిన పాటను ఫోనులోనే తీశాము. పాట కన్నా పక్కింటి మైకు సెట్టు ఎక్కువగా వినిపిస్తోంది, ఆవిడ ముఖం నల్లగా పడింది, సగంలో మెమొరీ నిండిపోయి ఆగిపోయింది. కెమెరాను నేనే కాక మా మరిది, మా అమ్మాయి కూడా పట్టుకుంటారు కాబట్టి మీటలు మరీ ఎక్కువగా ఉండకూడదు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య వస్తూ తెస్తానంటున్నాడు. ఏది తెమ్మనాలి?

ఫోను_చాలు
మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో ఏదీ ఫోను మానేయడానికి కారణం కాదు. మెమొరీ నిండిపోవడం ఖాళీ చేసుకోకపోవడం వల్ల జరిగింది. ముఖం నల్లబడటం వెనక ఎండ ఉండటం వల్ల జరిగింది, కెమెరాతో తీసినా అలాగే పడేది. పాట వినిపించకపోవడం మైకు దూరంగా ఉండటం వల్ల జరిగింది. ఒక చిన్న ట్రైపాడూ, చీరకొంగుకు పెట్టుకునే వైర్‌లెస్ మైకూ కొంటే ఆరేడు వేలలో పని అయిపోతుంది, మిగిలిన సొమ్ముతో శాంతికి ఇంకో వంద మందిని పిలవవచ్చు.

నల్లగొండ_నాన్న
వంద మందిని పిలిచాక వాళ్లంతా కూడా ఫోన్లు ఎత్తి పట్టుకుని ముందు నిలబడతారు, అప్పుడు కోనసీమ_కోడలు గారు ఏం తీస్తారు?

లెక్కల_మాస్టారు
ఫోను_చాలు గారు చెప్పిన కారణాలు సరైనవే. అయితే ప్రశ్నలో రెండు భిన్నమైన సందర్భాలు ఉన్నాయి. శాంతి ఇంటి లోపల, దగ్గరగా, గంటల తరబడి జరుగుతుంది. నాట్యం దూరంగా, చీకటి హాలులో, నాలుగైదు నిమిషాల్లో ముగుస్తుంది. ఏ కెమెరా అయినా ఈ రెండింటికీ ఎంత వెలుతురును లోపలికి తీసుకోగలదో చూడాలి, పెట్టె మీద అచ్చువేసిన మెగాపిక్సెళ్లను పక్కన పెట్టండి.

ఎక్కువ జూమ్ ఉన్న చిన్న కెమెరాల్లో సాధారణంగా 1/2.3 అంగుళాల సెన్సార్ (వెలుతురును పట్టి బొమ్మగా మార్చే చిప్) ఉంటుంది. పేరు చూసి అంగుళంలో సగానికి కాస్త తక్కువని అనుకోకండి, దాని నిజమైన కొలత 6.17 గుణించి 4.55 మిల్లీమీటర్లు, అంటే 28 చదరపు మిల్లీమీటర్లు. ఒక అంగుళం సెన్సార్ అని పిలిచేది 13.2 గుణించి 8.8 మిల్లీమీటర్లు, అంటే 116 చదరపు మిల్లీమీటర్లు. నాలుగు రెట్లు పైచిలుకు తేడా ఉంది. ఆపైన లెన్సు సంగతి చూడాలి. కానన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్740కి 40 రెట్ల జూమ్ ఉంది, కానీ జూమ్ చివరికి వెళ్లేసరికి దాని లెన్సు ద్వారం ఎఫ్/6.9కి చిక్కిపోతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ ద్వారం చిన్నదవుతుంది). అంగుళం సెన్సార్ ఉన్న సోనీ జెడ్‌వీ-1 జూమ్ మూడు రెట్లు కూడా ఉండదు, కానీ దాని చివరన సైతం ఎఫ్/2.8 ఉంటుంది. ద్వారం తేడా (6.9ని 2.8తో భాగించి వర్గం చేస్తే) ఆరు రెట్లు, సెన్సార్ తేడా నాలుగు రెట్లు, రెండూ కలిస్తే సుమారు 24 రెట్ల వెలుతురు తేడా వస్తుంది. ట్యూబ్‌లైటు కింద ఆ తేడా ముఖం మీది గరుకుదనంగా కనిపిస్తుంది.

కోనసీమ_కోడలు
మరి జూమ్ లేకపోతే వేదిక మీద ఉన్న పిల్ల చీమంత కనిపించదా, మాస్టారూ? మా వాళ్లకు ఇచ్చే కుర్చీలు ఎప్పుడూ మధ్యలోనే ఉంటాయి.

లెక్కల_మాస్టారు
దానికీ లెక్క ఉంది. మీకూ వేదికకూ మధ్య 20 మీటర్లు ఉందనుకుందాం. వీడియోలో పాప నిండుగా కనిపించి, చేతులు పైకెత్తినా తెగిపోకుండా ఉండాలంటే చట్రం ఎత్తు 1.8 మీటర్లు ఉండాలి. అందుకు సుమారు 225 మిల్లీమీటర్ల లెన్సు చాలు (అన్ని కెమెరాలనూ పోల్చడానికి వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్ము లెక్కలో చెబుతున్నాను). 24 దగ్గర మొదలయ్యే లెన్సుకు అది తొమ్మిది పది రెట్ల జూమ్ అవుతుంది. 960 మిల్లీమీటర్ల దాకా వెళ్లే 40 రెట్ల జూమ్‌తో ఆ దూరం నుంచి మీకు పాప ముక్కుపుడక తప్ప నాట్యం కనిపించదు.

జెడ్‌వీ-1లాగా 70 మిల్లీమీటర్లతో ఆగిపోయే కెమెరా అయితే అదే కుర్చీలోంచి చట్రం ఎత్తు 5.8 మీటర్లు వస్తుంది, అంటే బృందమంతా కనిపిస్తుంది. 4కేలో (ఫుల్ హెచ్‌డీకి వెడల్పులోనూ ఎత్తులోనూ రెండింతల చుక్కలు ఉండే వీడియో) తీసి, తర్వాత కంప్యూటర్లో మధ్య భాగాన్ని మాత్రం ఫుల్ హెచ్‌డీగా కత్తిరించుకుంటే అది 2.9 మీటర్లకు తగ్గుతుంది. వరుసలు దాటి 10 మీటర్ల దగ్గరికి వెళ్లగలిగితే కత్తిరించకుండానే 2.9 మీటర్లు వస్తుంది. జూమ్ కన్నా ముందు కుర్చీ చవక.

నల్లగొండ_నాన్న
మాస్టారు ఏ బడి వార్షికోత్సవానికీ వెళ్లినట్టు లేదు. ముందు కుర్చీలు ముఖ్య అతిథివీ, ఆయన వెంట వచ్చిన వాళ్లవీ. మా వాడి బడిలో తల్లిదండ్రులు తాడు దాటి ముందుకు వస్తే వ్యాయామం మాస్టారు ఈల వేస్తాడు.

పందిరి_కెమెరా
చాలా ఏళ్లు పెళ్లిళ్లకు వీడియో తీసిన వాణ్ని, ఇప్పుడు మానేశాను. నా దృష్టిలో కోనసీమ_కోడలు గారికి కావలసింది క్యామ్‌కార్డరే. దుకాణదారుకు దాని మీద లాభం తక్కువ కాబట్టి చూపించడు. చేతి పట్టీలో చెయ్యి దూర్చి, బొటనవేలితో ఒక మీట నొక్కితే తీయడం మొదలవుతుంది, చూపుడువేలి కింద జూమ్ మీట నెమ్మదిగా కదులుతుంది. ఎనభై ఏళ్ల పెద్దాయన చేతికి ఇచ్చినా తీయగలరు. సోనీ హ్యాండీక్యామ్ ఏఎక్స్43లో 20 రెట్ల నిజమైన జూమ్ ఉంది, లెన్సు మొత్తం లోపల తేలుతూ వణుకును ఆపే ఏర్పాటు ఉంది, బయటి మైకు పెట్టుకునే రంధ్రం ఉంది. హోమం మొదటి నుంచి పూర్ణాహుతి దాకా ఆపకుండా తీయవచ్చు. చిన్న కెమెరాలు అలా తీయలేవు, 4కేలో కొన్ని అయిదు పది నిమిషాలకే వేడెక్కి ఆగిపోతాయి.

ఒక మాట జాగ్రత్త. పెట్టె మీద ‘డిజిటల్ జూమ్’ అని పెద్ద అంకె ఉంటే దాన్ని చూడకండి. అది ఉన్న బొమ్మను సాగదీయడమే. ‘ఆప్టికల్’ అన్న మాట పక్కన ఉన్న అంకెను మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

పాత_క్యాసెట్
పందిరి_కెమెరా గారు చెప్పిన ఆగిపోవడానికి వేడి ఒక్కటే కారణం కాదు. చాలా ఏళ్లు ఫొటో కెమెరాల్లో ఎక్కువ భాగం 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర వీడియో ఆపేసేవి. 30 నిమిషాలు దాటి తీయగలిగితే యూరోపులో దాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ దిగుమతి సుంకం వేసేవారు కాబట్టి తయారీదారులు ఆ ఒక్క సెకను తగ్గించుకున్నారు. ఆ సుంకం తొలగిపోయాక వచ్చిన కొన్ని కెమెరాల్లో ఈ హద్దు లేదు. పాత మోడలు కొనేవారు మాత్రం వివరాల పుస్తకంలో ఈ సంగతి చూసుకోవాలి.

ఫోను_చాలు
యూరోపు వాళ్ల సుంకానికి మా అమలాపురంలో హోమం ఆగిపోవాలా?

డాలస్_తమ్ముడు
అన్నయ్య చేత తెప్పించుకోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇక్కడ కొన్నవాటికి భారతదేశంలో వారంటీ చాలాసార్లు వర్తించదు, సర్వీసు సెంటరులో బిల్లు చూసి వెనక్కి పంపిన సందర్భం మా ఇంట్లోనే జరిగింది. అది తెలిసి కూడా ధర తేడా కోసం తెప్పించుకునేవారు ఉన్నారు, తప్పులేదు. అయితే ఇక్కడి క్యామ్‌కార్డర్లు సెకనుకు 30 లేదా 60 చిత్రాలు తీసే ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఉంటాయి. మనదేశంలో అమ్మేవి 25 లేదా 50 చిత్రాలు తీసే పాల్ పద్ధతివి. కొన్ని కెమెరాల మెనూలో ఒకదాని నుంచి ఇంకొకదానికి మార్చుకోవచ్చు, చాలా హ్యాండీక్యాములలో ఆ వీలు ఉండదు.

సవాలక్ష_సందేహాలు
పాల్, ఎన్‌టీఎస్‌సీ గొడవ పాత టీవీల నాటిది కదా? ఇప్పటి టీవీలూ ఫోన్లూ అన్నీ చూపిస్తున్నాయి. ఇంకా దాని గురించి ఎందుకు భయపడాలి?

పందిరి_కెమెరా
చూడటానికి ఇబ్బంది లేదు, తీయడానికి ఉంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి పాత చోకు ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. మన కంటికి అది తెలియదు. అమెరికా నుంచి వచ్చిన క్యామ్‌కార్డరు తనంతట తాను సెకనులో 60వ వంతు సేపు షట్టరు తెరిస్తే, ఒక చిత్రంలో వెలుతురు ఎక్కువ పడుతుంది, పక్క చిత్రంలో తక్కువ పడుతుంది. ఫలితంగా వీడియో అంతా ఊపిరి తీస్తున్నట్టు వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అమెరికా అల్లుడు తెచ్చిన కెమెరాతో తీసిన పెళ్లి వీడియోలను సరిచేసి పెట్టమని నా దగ్గరికి పట్టుకొచ్చిన వారు ఎంతోమంది ఉన్నారు. పగటిపూట తీసినదంతా చక్కగా ఉంటుంది, రాత్రి ముహూర్తం దగ్గరికి వచ్చేసరికి మండపం మిణుకు మిణుకుమంటుంది.

లెక్కల_మాస్టారు
దానికి విరుగుడు ఉంది. షట్టరును మన చేతుల్లోకి తీసుకునే వీలున్న కెమెరా అయితే 1/50 లేదా 1/100 దగ్గర ఖాయం చేసుకోవాలి. అప్పుడు ప్రతి చిత్రంలోకీ ట్యూబ్‌లైటు మినుకులు పూర్తిగా రెండో, ఒకటో పడతాయి, హెచ్చుతగ్గులు ఉండవు. సెకనుకు 30 చిత్రాలు తీస్తున్నా సరే ఇది పనిచేస్తుంది. 60 చిత్రాలైతే 1/50 కుదరదు కాబట్టి 1/100 పెట్టుకోవాలి. వేదిక మీద తిరిగే చవక రంగు ఎల్‌ఈడీలకు మాత్రం ఈ లెక్క వర్తించదు, అవి వాటి ఇష్టం వచ్చిన వేగంతో మినుకుతాయి. చారలు పోయేదాకా షట్టరు మార్చి చూసుకోవడమే.

కోనసీమ_కోడలు
ఇంత చదివాక అన్నయ్యను కెమెరా బదులు బాదంపప్పు తెమ్మని చెప్పాను. వారంటీ లేని వస్తువుతో నేను సర్వీసు సెంటరు చుట్టూ తిరగలేను. ఇక్కడే కొంటాను. అయితే మా ఊరు సముద్రానికి దగ్గర. తేమకు కెమెరా పాడవుతుందని మా మరిది భయపెడుతున్నాడు.

విశాఖ_అల
మీ మరిది గారి భయం నిజమైనదే. మా ఊళ్లో వానాకాలం దాటేసరికి బీరువాలో మూసిపెట్టిన లెన్సుల లోపల సాలెగూడు దారాల్లాగా బూజు పాకుతుంది. మొదట్లో కనిపించదు. లెన్సు వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూస్తే తెల్లని పోగులు కనిపిస్తాయి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి కెమెరాను అందులో ఉంచాలి. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే వేడి చేసి ఆరబెట్టుకోవాలి. తోలు సంచిలో మాత్రం నెలల తరబడి పెట్టకూడదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

బూజు కన్నా ఇసుక తొందరగా దెబ్బతీస్తుంది. మీట నొక్కగానే లెన్సు గొట్టం బయటికి వచ్చే చిన్న కెమెరాలను ఆర్కే బీచిలో గాలి వీస్తున్నప్పుడు తెరిస్తే, ఒక్క రేణువు ఆ వలయాల మధ్య ఇరుక్కున్నా గొట్టం సగంలో ఆగి తెర మీద లెన్సు లోపమని రాసి చూపిస్తుంది. మరమ్మతు ఖర్చు అడిగితే కొత్తది కొనుక్కోవాలనిపిస్తుంది. క్యామ్‌కార్డర్లలో లెన్సు బయటికి రాదు కాబట్టి ఆ విషయంలో అవే మేలు.

ఫోను_చాలు
ఫోను లెన్సు కూడా బయటికి రాదు.

విశాఖ_అల
మీరు ఫోను కంపెనీలో పనిచేస్తున్నారా అన్న అనుమానం నాకు మొదటి నుంచీ ఉంది.

ఫోను_చాలు
పనిచేయడం లేదు. కొన్న వస్తువును రెండు వేడుకలకు వాడి అల్మారాలో పడేయడం చూసి చూసి ఇలా అయ్యాను. ప్రపంచంలో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు దుకాణాలకు చేరాయని తయారీదారుల సంఘం లెక్కలు చెబుతున్నాయి, 2023 నాటికి అది 80 లక్షల లోపుకు పడిపోయింది. జనం తెలివితక్కువ వాళ్లు కారు కదా. ఫోనులో తీసింది అప్పటికప్పుడు అందరికీ చేరుతుంది. కెమెరాలో తీసింది కార్డులోనే ఉండిపోతుంది.

పాత_క్యాసెట్
కార్డులో ఉండిపోయినది కనీసం ఎక్కడుందో తెలుస్తుంది. ఫోనులోది వాట్సాప్‌లో పంపేటప్పుడు నలిగి చిన్నదవుతుంది, అసలుది ఫోను మారినప్పుడు పోతుంది. మా ఇంట్లో మినీ డీవీ క్యాసెట్ల మీద తీసిన మా పిల్లల అన్నప్రాశనలు ఇప్పటికీ ఉన్నాయి. ఫైర్‌వైర్ తీగ ఉన్న పాత కంప్యూటరు సంపాదించి, గంట క్యాసెట్‌కు గంట చొప్పున ఆడిస్తూ దించుకున్నాను. ఒక్కొక్కటి సుమారు 13 జీబీ వచ్చింది. అందులో బొమ్మ 720 గుణించి 576 చుక్కలే, ఇప్పటి పెద్ద టీవీలో మసకగానే ఉంటుంది. కానీ మా అమ్మ గొంతు చెక్కుచెదరకుండా ఉంది. అందుకే కోనసీమ_కోడలు గారికి నేను చెప్పేది, మైకు రంధ్రం లేని కెమెరాను ఎంత చవకగా వచ్చినా కొనకండి. జూమ్ ఎక్కువున్న చిన్న కెమెరాల్లో చాలావాటికి అది ఉండదు.

సవాలక్ష_సందేహాలు
జూమ్, మైకు రంధ్రం, పెద్ద సెన్సార్ మూడూ ఉన్న చిన్న కెమెరా అసలు ఎవరూ చేయలేదా?

డాలస్_తమ్ముడు
చేశారు. సోనీ ఆర్‌ఎక్స్100 వరుసలో 2019లో వచ్చిన మార్క్ 7లో అంగుళం సెన్సార్, 24 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్సు, మైకు రంధ్రం ఉన్నాయి, చొక్కా జేబులో పడుతుంది. మాస్టారు చెప్పిన 225కు దగ్గరగానే ఉంది. కానీ అది 70 వేలలో కొత్తది దొరకదు. 2023లో వచ్చిన డీజేఐ ఆస్మో పాకెట్ 3 కూడా చూడవచ్చు. దానికీ అంగుళం సెన్సారే, పైగా కెమెరా తలను మూడు వైపులా మోటార్లు నిలకడగా పట్టుకుంటాయి. నడుస్తూ పిల్లల వెంట పరుగెత్తుతూ తీసేవారికి దాన్ని మించింది లేదు. నిజమైన జూమ్ మాత్రం దానికి లేదు.

నల్లగొండ_నాన్న
నేను నమ్మే పద్ధతి వేరు. ఎవరి మాటా వినకుండా మీ సొంత మెమొరీ కార్డు పట్టుకుని దుకాణానికి వెళ్లండి. దుకాణం ముందు భాగంలో దీపాలు ధగధగలాడుతుంటాయి, అక్కడ ఏ కెమెరా అయినా బ్రహ్మాండంగా తీస్తుంది. వెనక గోడౌను తలుపు దగ్గరి చీకటి మూలకు వెళ్లి, మీతో వచ్చిన మనిషి ముఖాన్ని తీయండి, మాట్లాడించండి. ఆ కార్డు ఇంటికి తెచ్చి టీవీలో చూడండి. కార్డు పెట్టనివ్వనన్న దుకాణంలో కొనకండి.

కోనసీమ_కోడలు
నల్లగొండ_నాన్న గారు చెప్పినట్టు చేశాను. మా ఆయననూ అమ్మాయినీ తీసుకుని కోఠిలో ఒక దుకాణానికి వెళ్లాను. మూడింటిని అడిగి, కార్డు మార్చి మార్చి తీశాను. పెద్ద జూమ్ ఉన్న చిన్న కెమెరా పగటి వెలుతురులో వీధి అవతలి బోర్డు మీది ఫోను నంబరు దాకా చూపించింది, మా ఆయన ముచ్చటపడ్డారు. అదే జూమ్‌ను దుకాణం వెనక వరుసలో నిలబడిన మా అమ్మాయి మీదికి తిప్పి, మా ఆయన చేతికి ఇచ్చి తీయమన్నాను. ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా పిల్ల చట్రంలోంచి జారిపోయింది, తిరిగి వెతుక్కునేసరికి తను అక్కడి నుంచి వెళ్లిపోయింది. ఇంటికి వచ్చి టీవీలో చూస్తే చెంపల మీద రవ్వ చల్లినట్టు ఉంది. అంగుళం సెన్సార్ ఉన్నదానిలో పిల్ల చిన్నగా కనిపించింది కానీ కళ్లకు పెట్టిన కాటుక గీత తెలిసింది. క్యామ్‌కార్డరు బొమ్మ రెండింటికీ మధ్యన ఉంది, చేతిలో మాత్రం అన్నిటికన్నా హాయిగా ఉంది. కానీ దాని ధర మా హద్దు దాటింది, పైగా ఫొటోలు అంత బాగా రాలేదు.

పందిరి_కెమెరా
క్యామ్‌కార్డరుతో తీసే ఫొటోలు ఎప్పుడూ అంతే, వాటిని వీడియో కోసమే కొనాలి. అయితే శాంతి ఒక్క రోజు వేడుక కదా. హైదరాబాదులో క్యామ్‌కార్డర్లు రోజు లెక్కన అద్దెకు దొరుకుతాయి. గుర్తింపు కార్డూ కొంత డిపాజిట్టూ అడుగుతారు. ఏడాది పొడవునా వాడేదాన్ని కొనుక్కుని, ఒక్క రోజుకు కావలసినదాన్ని అద్దెకు తెచ్చుకోండి. ముందు రోజే తెచ్చుకుని బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూసుకోవాలి, అద్దె బ్యాటరీలు నలిగిపోయి ఉంటాయి.

సవాలక్ష_సందేహాలు
పాత కెమెరా కొంటే మార్క్ 7 కూడా 70 వేలలో రావచ్చు కదా?

విశాఖ_అల
రావచ్చు, కానీ నేను టార్చి గురించి చెప్పినదంతా అప్పుడు చేయాలి. జూమ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగైదు సార్లు నడిపి గరగర శబ్దం వస్తుందేమో వినాలి, బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి, లెన్సు మూసి ఒక నల్ల ఫొటో తీసి అందులో తెల్ల చుక్కలు ఉన్నాయేమో పెద్దది చేసి చూడాలి. బిల్లు లేకపోతే దొంగ సొత్తు కాదన్న నమ్మకం ఉండదు. కొత్తవారికి నేను సలహా ఇవ్వను.

డాలస్_తమ్ముడు
కొత్తది కొన్నా బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. బిల్లు లేకుండా పన్ను తగ్గిస్తామని ఆశపెడతారు. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. ఆ కాస్తకు ఆశపడితే రెండేళ్ల వారంటీ గాలికి పోతుంది.

కోనసీమ_కోడలు
జెడ్‌వీ-1 కొనాలని నిర్ణయించుకున్నాము. నాట్యం సంగతి మా అమ్మాయే తేల్చింది, బృందంలో తను రెండో వరుసలో ఉందట, ‘అందరూ కనిపించేలా తియ్యమ్మా, నన్నొక్కదాన్నే తీస్తే మా టీచరు ఊరుకోరు’ అంది. మాస్టారి 5.8 మీటర్ల లెక్క దానికి సరిగ్గా సరిపోతుంది. శాంతికి పందిరి_కెమెరా గారు చెప్పినట్టు క్యామ్‌కార్డరును అద్దెకు తెస్తాము, మా మరిది ట్రైపాడ్ మీద పెట్టి చూసుకుంటాడు, నేను కొత్త కెమెరాతో దగ్గరివి తీస్తాను. ఇక కార్డు ఎంతది కొనాలో చెప్పండి.

నల్లగొండ_నాన్న
మూడు రెట్లు కూడా లేని జూమ్‌కు అంత డబ్బు పెట్టారని మీరు వచ్చే ఏడాది సోలో నాట్యానికి బాధపడతారు. చెప్పలేదని అనకండి.

లెక్కల_మాస్టారు
సోలో వచ్చేసరికి మార్క్ 7 అద్దెకు దొరుకుతుంది.

కార్డు లెక్క ఇది. సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో అంటే సెకనుకు 12.5 ఎంబీ, గంటకు 45 జీబీ అవుతుంది. 64 జీబీ కార్డులో గంటన్నర కూడా పట్టదు. 28 మెగాబిట్ల ఫుల్ హెచ్‌డీ అయితే గంటకు 12.6 జీబీ చాలు. క్యామ్‌కార్డరులో శాంతి మొత్తాన్ని ఫుల్ హెచ్‌డీలో తీసి, నాట్యాన్ని మాత్రం 4కేలో తీయండి. కార్డు మీద వీ30 అన్న గుర్తు ఉండాలి, అది సెకనుకు 30 ఎంబీకి తగ్గకుండా రాసుకోగలదని హామీ. 128 జీబీది ఒకటి కొనే బదులు 64 జీబీవి రెండు కొనండి, ఒకటి చెడినా సగం మిగులుతుంది. కార్డును ఏ కెమెరాలో వాడతారో అందులోనే ఫార్మాట్ చేయాలి.

పాత_క్యాసెట్
వేడుక అయిన రాత్రే రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి హైదరాబాదులో, ఒకటి ఊళ్లో పెట్టండి. ఎక్కించినవి తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే కార్డును ఖాళీ చేయండి.

కోనసీమ_కోడలు
కెమెరా ఇంటికి వచ్చింది. నిన్న మా వీధి గుళ్లో హోమం జరుగుతుంటే వెళ్లి తీసి చూశాను. పొగ లేచినప్పుడల్లా బొమ్మ మసకబారి, మళ్లీ తేరుకుని, మళ్లీ మసకబారింది. నిప్పు ముందు కూర్చున్న పంతులుగారి ముఖం నల్లగా వచ్చింది. మేళం మొదలుకాగానే శబ్దం చిరిగినట్టు అయింది, ఆ తర్వాత కాసేపు మంత్రాలు వినిపించనే లేదు. ఇవన్నీ కెమెరా లోపాలా?

పందిరి_కెమెరా
లోపాలు కావు, దానంతట దానికి వదిలేస్తే ఏ కెమెరా అయినా అంతే చేస్తుంది. పొగలో పట్టుకోవడానికి గీతలు దొరక్క ఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది. హోమం వెలిగించక ముందే మామగారి ముఖం మీద ఫోకస్ కుదిర్చి, మెనూలో మాన్యువల్‌కు మార్చి వదిలేయండి, ఆయన పీట మీద నుంచి ఎటూ కదలరు కాబట్టి ఇబ్బంది ఉండదు. ముఖం నల్లబడటానికి మంట వెలుగే కారణం, ఎక్స్‌పోజరును (బొమ్మ మొత్తం వెలుగును) ఒక మెట్టు పైకి జరపండి, మంట తెల్లగా పోయినా ముఖం దక్కుతుంది.

శబ్దం సంగతికి వస్తే, గట్టిమేళం మోగగానే కెమెరా తనంతట తానే మైకును తగ్గించుకుంటుంది, మేళం ఆగాక మళ్లీ పెంచడానికి సమయం తీసుకుంటుంది, ఈలోగా మంత్రాలు పోతాయి. ఆడియో రికార్డింగ్ స్థాయిని మీరే ఖాయం చేసే వీలు మెనూలో ఉంది. ముందు రోజు డోలు వాయించే ఆయనను ఒక్కసారి గట్టిగా వాయించమని అడిగి, తెర మీది శబ్దం గీత ఎర్ర రంగును తాకకుండా తగ్గించి పెట్టుకోండి. బయటి మైకును పురోహితుల పక్కన స్టాండుకు కట్టండి, దాని వీపు మేళం వైపు ఉండాలి. స్టాండు మాత్రం హోమగుండానికి మూడు నాలుగు అడుగులు ఎడంగా పెట్టండి, తీగ మీద తొడుగు వేడికి మెత్తబడుతుంది.